తప్పు అరలోని పతకం

ఆదివారం బస్సు డ్రైవరు సవేరియో ఊరు వదిలి తొరీనో పట్నంలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోతాడు. ఆలోపే అతనికి తన మనసు తెలియజేయాలని గురువారం పొద్దున్న ఎర్సీలియా గట్టిగా అనుకుంది. నోటితో కాదు, ఒక పతకంతో. నోటికి ఏడేళ్లు అవకాశం ఇచ్చి చూసింది. అది ఎండా వానా గురించి తప్ప పెదవి విప్పలేదు.

చర్చి పక్కన ఆమెకు పునీతుల బొమ్మలున్న పతకాల కొట్టు ఉంది. కంటిజబ్బుకు, పళ్లెంలో రెండు కళ్లు పట్టుకున్న లూచియా. పంటినొప్పికి, పట్టకారుతో అపొల్లోనియా. ప్రయాణానికి, బిడ్డను భుజాన మోస్తూ ఏరు దాటే క్రిస్తోఫరో. ముప్పై ఏళ్లుగా చూడకుండానే తీసివ్వగలదు. ఆ వేళ మాత్రం కళ్లు బయట బస్సు మీద ఉంటే, చేయి ఒక అర పక్కకు జరిగింది. క్రిస్తోఫరో పక్క అరలో ఉండేది గర్భిణులను కాచే జెరార్దో. కడుపు పండిన సంగతి ఆ ఊరి ఆడవాళ్లు మగవాడికి నోటితో చెప్పరు, జెరార్దో పతకం చేతిలో పెడతారు.

బస్సు తలుపు దగ్గర సవేరియోకు పొట్లం అందించింది. "ఇన్నాళ్లూ చెప్పలేకపోయానండీ. ఇక ఇదే చెబుతుంది," అని వెనక్కి చూడకుండా కొట్లోకి వచ్చేసింది. వెనక సీట్లో జున్ను బుట్టతో కూర్చున్న నున్సియా మెడ సాచడం ఆమె చూడలేదు.

పది గంటలకల్లా నున్సియా కోడిరసం గిన్నెతో దిగింది.

"తాగు ఒదినా. ఎన్నాళ్ల నుంచి?"

ఊరికి తన గుండె తెలిసిపోయిందని ఎర్సీలియాకు కళ్లనీళ్లు తిరిగాయి. "ఏడేళ్లు."

నున్సియా స్టూలు మీద కూలబడింది. "ఏడేళ్లా? ఆయనకు తెలుసా?"

"ఈ పొద్దునే తెలిసింది."

"ఇంత భారం ఒక్కదానివే మోశావా తల్లీ?"

"ఎవరికి చెప్పుకోను?"

నున్సియా సరాసరి ఫాదర్ ఎజీదియో దగ్గరికి పరుగెత్తింది. మధ్యాహ్నానికి ఎవరో ఉయ్యాల తెచ్చి కొట్టు ముందు పెట్టారు. ఎవరో మరిచిపోయారనుకుని ఎర్సీలియా దాన్ని లోపలికి జరిపింది. ఆమె ధ్యాసంతా ఆదివారం మీదే ఉంది. అతను లేని పొద్దుటి బస్సును రోజూ ఎలా చూడాలో ఆమెకు తోచలేదు.

సాయంత్రం సవేరియో కోటు తొడుక్కుని వచ్చాడు. టోపీ తీశాడు.

"ఎర్సీలియాగారూ, మనం ఏనాడూ చేయైనా తాకలేదు. కాబట్టి ఈ బిడ్డ నాది కాదు. ఎవరని అడగను. ఎవరిదైనా సరే, నా ఇంటిపేరు పెట్టుకుందాం. తొరీనో మానేశాను."

అరచేయి చాపాడు. అందులో జెరార్దో ఉన్నాడు. ఎర్సీలియా పతకాన్నీ ఉయ్యాలనూ మార్చి మార్చి చూసింది. ఆమెకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అబద్ధం ఒక్కటి ఆడితే అతను ఉండిపోతాడు. కానీ ఇంత మంచివాడికి ఆడలేకపోయింది.

"నాకు యాభై నాలుగండీ. బిడ్డా లేదు, ఏమీ లేదు. మీరు క్షేమంగా వెళ్లాలని క్రిస్తోఫరోను ఇవ్వబోయాను. చేయి తప్పింది."

సవేరియో పతకాన్ని బల్ల మీద పెట్టాడు. "అయితే నన్ను వెళ్లమన్నారా?"

"లేదు. ఉండిపోతే బాగుండునని ఏడేళ్లుగా అనుకుంటున్నాను."

"ఆ ముక్క బస్సు దగ్గరే అనొచ్చుగా," అన్నాడతను, స్టూలు దగ్గరికి లాక్కుంటూ.

ఫాదర్ ఎజీదియో ఆ ఆదివారమే పెళ్లి ప్రకటన చదివేసి, మూడు వారాల్లో తంతు ముగించాడు. అంత తొందరెందుకని వాళ్లిద్దరూ ఆయన్ని అడగలేదు.