ఒక్కపూట ఉమ్మడి పొయ్యి

జనం లెక్కలు రాసే టీచరమ్మ మధ్యాహ్నం వస్తుందని తెలిసి, ఆ ఆదివారం పొద్దున్నే పెద్దావిడ ముగ్గురు కోడళ్ళనూ పిలిపించింది. పొయ్యి వేరైతే కుటుంబం వేరని రాసుకుంటారట. ఆ ఇంట్లో అంతస్తుకో కొడుకు, అంతస్తుకో పొయ్యి. ఆవిడ కాపురానికి వచ్చిన ఏడాది మామగారు ఇరవై రెండు మందినీ ఒకే కాగితంలో దర్జాగా రాయించారు. తన ప్రాణముండగా ఆ కాగితం మూడు ముక్కలు కావడానికి వీల్లేదు.

"ఈ పూటకి కింద పెద్దకోడలి పొయ్యి మీదే అందరికీ వంట. పై రెండు కరెంటు పొయ్యిలూ తెచ్చి నా మంచం కిందకి తోసేయండి."

"అబద్ధం కాదా అత్తయ్యా?" అంది చిన్నకోడలు.

"అందరూ అదే తింటారుగా! అబద్ధమేముంది?"

ముగ్గురూ ఒక వంటింట్లో నిలబడి ఎన్నాళ్ళయిందో. కూరలో ఉప్పు వేశావా అని అడిగితే వంక పెట్టినట్టవుతుందని ఎవరూ ఎవరినీ అడగలేదు. మర్యాదకొద్దీ ముగ్గురూ వేశారు.

టీచరమ్మ వచ్చేసరికి పద్నాలుగు మంది కంచాల ముందున్నారు. నోరు మెదిపితే ఊరుకోనని పెద్దావిడ కళ్ళతోనే చెప్పి తన గదిలోకి వెళ్ళింది. మొదటి ముద్దకే పెద్దకొడుక్కి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఈ రోజుల్లో ఇంత ప్రేమలా!" అని టీచరమ్మ ముచ్చటపడి పద్నాలుగు మందినీ రాసుకుంది. "పెద్దావిడేరీ?"

ఆవిడ బీపీ మనిషి, ఆ కూర జోలికి పోలేదు. ఆకలికి ఆగలేక గదిలో మంచం కింది పొయ్యి ఒకటి లాగి జావ కాచుకుంటోంది. టీచరమ్మ తలుపు తీసింది.

"ఓ, మీ వంట వేరా అమ్మా? అయితే వేరే కాగితం. కుటుంబ పెద్ద మీరు. సభ్యులు ఒకరు."

"నేను వేరేమిటమ్మా! వాళ్ళంతా నావాళ్ళే!"

"రూలు ప్రకారం కాదండీ."

పెద్దావిడ అందరినీ కలపబోయి తనొక్కతే వేరుపడింది. నిజంగానే ఏడుపొచ్చింది.

"అత్తయ్యా, ఆ కూర నోట పెట్టలేం. మాకూ కాస్త జావ పొయ్యండి," అంటూ చిన్నకోడలు గిన్నెతో వచ్చింది. వెనకాలే తోడికోడళ్ళు, కొడుకులు, మనవలు. వరస గది దాటి వరండాలోకి పోయింది. పెద్దావిడ కళ్ళు తుడుచుకుని, జావలో ఇంకో రెండు చెంబుల నీళ్ళు కుమ్మరించింది.

టీచరమ్మ రాసిన రెండు కాగితాలూ కొట్టేసి మూడోది తీసింది. "ఒకటే కుటుంబం, పదిహేను మంది. పెద్ద మీరే. సరేనా?"

"అలా రాయండి మరి!" అంది పెద్దావిడ.

మర్నాటి నుంచి ఎవరి వంట వాళ్ళదే. కాగితం మీద మాత్రం మళ్ళీ లెక్కలు రాసేదాకా వాళ్ళంతా కలిసే తింటారు.