మంత్రిగారు తెరిచిన కిటికీ

స్త్రీ జీవితంలో ఒక దశ తర్వాత వచ్చే మరో దశను దశలవారీగా ఆదుకుంటామని మంత్రిగారు ప్రకటించారు. ఆ దశ పేరు మాత్రం చెప్పలేదు. సభలో ఆడవాళ్లున్నారని మర్యాద పాటించారు.

ఆదుకోవడమంటే ఏమిటో బట్టలు కుట్టే షెడ్డులో కాజాలక్కకు త్వరలోనే తెలిసివచ్చింది. చొక్కాలకు కాజాలు కుడుతుంది గనక ఆమెకు ఆ పేరు. ముట్లు ఆగి ఏడాదైంది. అప్పట్నుంచి ఉన్నట్టుండి గుండెల్లోంచి ఆవిరి లేచి చెవుల దాకా పాకుతుంది. మిషను పక్కనే కిటికీ ఉంది గానీ రెక్కలకు మేకులు కొట్టేశారు. గాలి వస్తే దుమ్ము వస్తుంది, దుమ్ము వస్తే తెల్లబట్ట మాస్తుందని సూపర్‌వైజరుగారి సిద్ధాంతం. ఆమె గాలి కోసం గుమ్మం దాకా పోయి నిలబడుతుంది. ఇంకోసారి లేస్తే మిషను ఇంకొకరికి ఇచ్చేస్తానని ఆయన చెప్పి ఉన్నాడు.

అదిగో, ఆ సమయంలో మంత్రిగారి పథకం తరఫున కళావికాసం శాఖ మేడమ్ వచ్చింది. మాట వెన్నలాంటిది.

"మీ ఒంట్లో వస్తున్న మార్పును గుడ్డముక్కల్లో చెప్పండమ్మా. అన్నీ కలిపి ఒక బొంత చేద్దాం. దీన్ని వర్క్‌షాప్ అంటారు."

"మేం రోజూ కుట్టేది గుడ్డలేగదండీ," అంది పక్క మిషను కాలరక్క.

"అది పని. ఇది కళ."

"తేడా ఏంటండీ?"

"దీనికి కూలి ఉండదు."

కాజాలక్క గొంతు సవరించుకుంది. "ఆ కిటికీ ఒక్కటి తీయించరాదా మేడమ్? సగం బాధ పోద్ది."

మేడమ్ నిజంగానే ఆలోచించింది. "కిటికీ ఇంజనీరింగ్ వాళ్ల కిందికి వస్తుందమ్మా. నాది భావాల సెక్షన్. మీ భావాన్ని కుట్టండి."

కుట్టారు. అందరూ కిటికీలే కుట్టారు. కాజాలక్క తన కిటికీకి రెక్కలు విడిగా కుట్టి, తెరిచి మూసేందుకు గుండీ, కాజా పెట్టింది. ఒకావిడ మాత్రం సూపర్‌వైజరు మొహం కుట్టింది. మేడమ్ దాన్ని గుమ్మడికాయ అనుకుని మధ్యలో పెట్టించింది.

"ఎంత ప్రతీకాత్మకం," అని మేడమ్ కళ్లు ఒత్తుకుంది. "మీరంతా భవిష్యత్తులోకి చూస్తున్నారు."

"కాదండీ, సందులోకి," అంది కాజాలక్క.

మంత్రిగారు విచ్చేశారు. షెడ్డు నిండా జనం, పెద్ద దీపాలు. ఫొటోగ్రాఫరు అడగ్గానే బొంతను మెడదాకా కప్పుకొన్నారు. కళ అంటే ఆయనకు అంత గౌరవం. అలాగే ఉపన్యాసం అందుకున్నారు. 'అక్కచెల్లెళ్ల బాధ నా బాధ' అనే వాక్యం దగ్గర ముఖం కందగడ్డయింది.

"ఏంటయ్యా ఇది, లోపల్నుంచి మంట లేస్తోంది?"

"అదేనండీ, మీరు చెప్పిన దశ," అంది కాలరక్క.

"ఆ కిటికీ... ఎవరన్నా ఆ కిటికీ తీయండయ్యా."

సూపర్‌వైజరు మేకులను పళ్లతో పీకినంత పని చేశాడు. గాలి వచ్చింది. మంత్రిగారు కళ్లు మూసుకున్నారు. కాజాలక్క కూడా మూసుకుంది. మెడ మీద చెమట ఆరడం ఎలా ఉంటుందో ఆమె మరిచిపోయి చాలాకాలమైంది.

మర్నాడు పేపర్లన్నీ ఒకే మాట రాశాయి: మహిళల కోసం కిటికీ తెరిచిన మంత్రి.

మంత్రిగారు తెరిచిన కిటికీని మూసే మొనగాడెవడు? సూపర్‌వైజరు దాని ముందు కుక్కిన పేనులా పడి ఉన్నాడు. కాజాలక్క కుర్చీలోంచి లేవలేదు. ఆవిరి వచ్చేది, గాలి వచ్చేది, రెండూ ఒకదాన్నొకటి చూసుకునేవి.

ఇంత చరిత్రాత్మక ఘట్టాన్ని గాలికి వదిలేయడం తగదని పైవాళ్లు తలచారు. కొన్నాళ్లకు మేస్త్రీ, నలుగురు కూలీలు ఒక నల్లరాతి ఫలకం మోసుకొచ్చారు. బంగారు రంగు అక్షరాలు: ఈ కిటికీని గౌరవనీయ మంత్రివర్యులు తెరిచిరి.

"ఎక్కడ పెడతావన్నా?" అంది కాజాలక్క.

"ఏ కిటికీయో జనానికి తెలియొద్దా అక్కా? కొలత ఇచ్చి మరీ చెక్కించారు."

రాయి కిటికీ చట్రంలో ఒదిగి కూర్చుంది. వెంట్రుకవాసి తేడా లేదు. మేస్త్రీ చుట్టూ సిమెంటు మెత్తాడు. మేడమ్ చప్పట్లు కొట్టించింది.

కాజాలక్క లేచి గుమ్మం దాకా వెళ్లి నిలబడింది.

"అమ్మా, కాస్త పక్కకు జరగండి," అన్నాడు ఫొటోగ్రాఫరు. "లోపల చీకటి. ఫలకం సరిగా పడటం లేదు."