పచ్చని ఆకాశం, పాత దుప్పట్లు

ఆ రోజు ఉదయం ఒరెస్ట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం భోజనం చేసి కంటినిండా నిద్రపోవాలి. చీకటి పడే వేళకు లేచి, మడత కుర్చీ చంకన పెట్టుకుని ఊరి చివర బేస్‌బాల్ మైదానానికి వెళ్ళాలి. అక్కడ కూర్చుని, ఉత్తరాది రాత్రి ఆకాశంలో రంగులు పరిచే ధ్రువకాంతి చూడాలి. సూర్యుడి మీద పెద్ద పేలుడు జరిగిందని, దాని ప్రభావం ఆ సాయంత్రానికి భూమిని చేరుతుందని వార్త. కెనడాలోని సస్కాచెవాన్‌లో హాక్‌రిడ్జ్ లాంటి చిన్న ఊళ్ళో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన మనిషికి ఇంతకంటే పెద్ద పండగ ఉండదు.

"ఇదిగో, వింటున్నావా?" అంది భార్య వెర్నా, కోటు తొడుక్కుంటూ. "నేను సాస్కటూన్ వెళ్తున్నా. తుంటి ఎలా ఉందో డాక్టరు చూస్తానన్నాడు. రాత్రికి చెల్లెలింట్లో పడుకుని పొద్దున్నే వస్తా. నువ్వు చీకటి పడకముందే టమాటాలకి దుప్పట్లు కప్పు. అన్నీ వరండాలో పెట్టాను."

"కప్పుతాలే."

"అలా ఆకాశంలోకి చూస్తూ కప్పుతాననకు. నా మొహం చూసి చెప్పు."

ఒరెస్ట్ ఆమె మొహం చూసి చెప్పాడు.

నలభై ఏళ్ళ కాపురంలో ఆ ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదరనిది ఒక్క ఆకాశం దగ్గరే. ఆయనకు మబ్బులేని రాత్రి కావాలి. మబ్బు లేకపోతే చలి నేరుగా నేలకు దిగి మంచు పడుతుంది, మొక్కలు మాడిపోతాయి. అందుకని ఆమెకు మబ్బు కావాలి. పైగా ఆ ఏడు ఆమెకు తోట ఏమీ కలిసిరాలేదు. వసంతంలో తుంటికి ఆపరేషన్ జరగడంతో నాట్లు ఆలస్యమయ్యాయి. తర్వాత క్యాబేజీలను పురుగు తినేసింది, బీన్సును జింకలు మేసిపోయాయి. మిగిలింది టమాటాలే. అవి వాళ్ళమ్మ నాటినుంచి ఏటా గింజ దాచి వేస్తున్న రకం, దుకాణంలో దొరకదు. సెప్టెంబరు వచ్చినా కాయలింకా పండలేదు, గింజ తీయలేదు.

వెర్నా వెళ్ళాక ఒరెస్ట్ ఫోను తీశాడు. ఆయనకు రెండు వ్యసనాలు, వాటికి ఫోనులో రెండు గుంపులు. ధ్రువకాంతి గుంపులో చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పట్టుమని పదిమంది ఉండరు. గాలివానల గుంపులో మాత్రం ఊరంతా ఉంది. వేసవిలో ఏ మబ్బు ఎటు పోతోందో ఆయనే అందులో చెబుతుంటాడు. జూన్‌లో వడగళ్ళ వాన వస్తోందని ఆయన చెప్పినా నమ్మనివాళ్ళ కార్ల మీద సొట్టలు ఇప్పటికీ ఉన్నాయి.

ఆయన టైపు చేసింది ఇదీ: "ఇవాళ చీకటి పడగానే వస్తోంది. మామూలుది కాదు. ఇంత పెద్దది నేనింతవరకూ చూళ్ళేదు. బయట దీపాలన్నీ ఆర్పెయ్యండి. ఆర్పడం కుదరకపోతే ఏదైనా మందంగా కప్పెయ్యండి. నేను పడుకుంటున్నా, ఫోను చెయ్యకండి."

పంపాడు. ఫోను కట్టేశాడు. పడుకున్నాడు. పంపింది గాలివానల గుంపుకి.

పక్కింటి గార్నెట్ ఊరి బయట తన పొలంలో గోధుమ కోయిస్తున్నాడు. మెసేజ్ చదివి ఆకాశం చూశాడు. తుడిచిన గాజులా ఉంది. జూన్‌లోనూ పొద్దున ఇలాగే ఉందని గుర్తొచ్చింది. కోత మిషన్ను షెడ్డులోకి తోలించి ఇంటికి పరుగెత్తాడు. సొట్టలు పడ్డ కార్లలో ఒకటి ఆయనదే మరి.

కమ్యూనిటీ హాల్లో డెల్ఫీన్, ఏటా కోతలప్పుడు ఊరంతా కలిసి తినే కోళ్ళ విందుకు ఏర్పాట్లు చేయిస్తోంది. అగ్నిమాపక దళానికి నాయకురాలూ ఆవిడే కాబట్టి మెసేజ్‌ను రెండు హోదాల్లో రెండుసార్లు చదివింది. "మందంగా కప్పమన్నాడంటే వడగళ్ళు కోడిగుడ్లంత ఉంటాయి. దీపాలార్పమన్నాడంటే తీగల మీద పిడుగులు పడతాయి" అని తేల్చింది. "పడుకుంటున్నా అన్నాడేమిటి?" అని ఎవరో అడిగితే, "రాత్రంతా కాపలా కాయాలిగా పాపం!" అంది. విందు హాలు కింద నేలమాళిగలోకి దిగింది. వీధి దీపాలు ఆరిపోయాయి. ఊళ్ళో ప్రతి కారుకూ రగ్గు, ప్రతి తోటకూ దుప్పటి వచ్చాయి. అమ్మమ్మల కాలం నాటి బొంతలు కూడా అటకల మీంచి దిగాయి.

గార్నెట్‌కు ఇంట్లో దుప్పట్లు చాల్లేదు. ఒరెస్ట్ వరండాలో చూస్తే ఇంత ఎత్తున పేర్చి ఉన్నాయి. ముందుగా తెలిసిన మనిషి కదా, తన తోట ఎప్పుడో కప్పేసుకుని మిగిలినవి ఇక్కడ పెట్టి ఉంటాడనుకున్నాడు. నిద్ర లేపొద్దన్నాడని తలుపు తట్టకుండా ఎత్తుకెళ్ళాడు.

ఒరెస్ట్ లేచేసరికి పొద్దు వాలింది. కంగారుగా వరండాలోకి వచ్చి చూస్తే దుప్పట్లు లేవు. "నమ్మలేదన్నమాట. వెళ్తూ వెళ్తూ తనే కప్పేసి పోయింది" అని కాస్త నొచ్చుకున్నాడు, కాస్త ఊరట పడ్డాడు. పెరట్లోకి తొంగి చూడకుండానే కుర్చీ పట్టుకుని బయల్దేరాడు.

వీధిలో నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. ఊరంతా చీకటి. ఒక్క కిటికీలో వెలుగు లేదు. కార్ల మీది మెరుపు కూడా కనపడకుండా రగ్గులు కప్పారు. పన్నెండేళ్ళుగా ఆయన ఈ ఊరిని ఒక్కసారి, ఒక్క పూట దీపాలార్పమని బతిమాలుతున్నాడు. అందరూ నవ్వి ఊరుకునేవాళ్ళు. ఇవాళ అడక్కుండానే ఆర్పేశారు. ఒరెస్ట్‌కు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ధ్రువకాంతి గుంపులో ఎవరో తన మెసేజ్ అందరికీ చూపించి ఉంటారు, ఇన్నాళ్ళూ వీళ్ళని తక్కువ అంచనా వేశాను అనుకున్నాడు.

మైదానానికి చేరేలోగానే మొదలైంది. ఉత్తరాన సన్నని పచ్చని గీత లేచి, చూస్తుండగానే నడినెత్తికి పాకింది. దాని అంచుల్లోంచి ఎరుపు దిగజారుతోంది. ఇంత చేసిన ఊరు ఒక్కరూ లేకుండా ఎక్కడికి పోయింది? హాలు కిందనుంచి మాటలు వినిపించాయి. పరుగున వెళ్ళి నేలమాళిగ తలుపు బాదాడు.

"బయటికి రండి! వచ్చేసింది!"

తలుపు సందు తెరిచి గార్నెట్ ఆయన చొక్కా పట్టుకుని లోపలికి లాగాడు. "బుద్ధుందా నీకు? వచ్చేస్తే బయటేం చేస్తున్నావ్? కూర్చో ఇక్కడ."

"కూర్చునేదేంట్రా! ఆకాశమంతా పచ్చగా అయిపోయింది!"

కొవ్వొత్తుల వెలుగులో ఊరు ఊరంతా గుండెలు పట్టుకుంది. ఆ మైదాన ప్రాంతంలో మబ్బు పచ్చబడిందంటే దాని నిండా వడగళ్ళే.

"పచ్చగానా?" అంది డెల్ఫీన్, చేతిలో బంగాళాదుంప కూరిన పెరోగీల పళ్ళెంతో.

"పచ్చగా! మధ్యలో ఎర్రగా! గిరగిరా తిరుగుతోంది!"

"తిరుగుతోందా! సుడిగాలే! దేవుడా, టేబుళ్ళ కిందికి దూరండి!"

టేబుళ్ళ కింద నుంచి, "ఒరెస్టూ, నువ్వూ దూరవయ్యా!" అని ఎవరో అరిచారు. ఒరెస్ట్ దిక్కుతోచక నిలబడ్డాడు. "మీకేమైంది? ఇంత అందమైనది చూడ్డానికేగా దీపాలార్పారు?"

డెల్ఫీన్ ఫోను తీసి మెసేజ్ మళ్ళీ చదివింది, మూడోసారి, ఈసారి మామూలు మనిషిగా. ఫోను ఆయన చేతిలో పెట్టింది. ఒరెస్ట్ పైన గుంపు పేరు చూసుకున్నాడు.

"కోతకి ఇంత మంచి ఎండ పోయిందిరా!" అన్నాడు గార్నెట్, టేబులు కింద నుంచి లేస్తూ. "సగం చేను మిగిలిపోయింది."

"నాలుగు రోజులు వండిన కూడు మసక చీకట్లో తింటున్నాం," అంది డెల్ఫీన్.

ఒరెస్ట్ తల దించుకున్నాడు. "తిట్టండి. కానీ పైకొచ్చి తిట్టండి," అన్నాడు.

తిట్టడానికే పైకి వచ్చారు. మెట్ల మీద ఉండగా మొదలైన కేకలు వాకిట్లోకి వచ్చేసరికి ఆగిపోయాయి. ఊళ్ళో ఒక్క దీపం లేదు. ఆకాశం ఒక చివర నుంచి ఇంకో చివరకు పచ్చని పరదాలా ఊగుతోంది. వెనక మంచినీళ్ళ ట్యాంకు, దానికి ఆనుకుని ధాన్యం గోదాము, అందరి మొహాలు ఆ రంగులో మునిగాయి. పుట్టినప్పటి నుంచీ దీని కిందే బతుకుతున్నవాళ్ళు, ఎన్నోసార్లు కారు అద్దంలోంచి చూసి, "ఊఁ, వచ్చింది" అనుకుని ఇంట్లోకి పోయినవాళ్ళు, మెడలు నొప్పెట్టేదాకా నిలబడ్డారు. గార్నెట్ టోపీ తీశాడు. ఎందుకు తీశాడో ఆయనకే తెలియదు.

తెల్లారి ఒరెస్ట్ కాఫీ కప్పుతో పెరట్లోకి వెళ్ళాడు. గడ్డి మీద తెల్లగా మంచు మెరుస్తోంది. టమాటా మొక్కలు ఉడకబెట్టిన ఆకుకూరలా నల్లగా వేలాడుతున్నాయి. దుప్పటి ఒక్కటి లేదు. ఒక కాయ తాకి చూశాడు. మెత్తగా నీరుకారింది. అలా వంగి ఉండగానే వాకిట్లో కారాగింది.

వెర్నా కర్ర ఊతంతో నెమ్మదిగా వచ్చి పక్కన నిలబడింది.

"నువ్వే కప్పావనుకున్నాను," అన్నాడు.

"నేనా?"

"దుప్పట్లు లేవు వరండాలో. అందుకని..."

"పెరట్లోకి వెళ్ళి చూడాల్సింది."

"చూడాల్సింది."

"మా అమ్మ గింజ ఇంక లేదు కదూ?" అంది వెర్నా. ఆకాశాన్ని చూసినంత శ్రద్ధగా ఈ నలభై ఏళ్ళలో ఈ పెరటిని ఒక్కసారీ చూడలేదని అప్పుడు ఒరెస్ట్‌కు తట్టింది. ఆ మాట పైకి చెప్పాడు కూడా. ఆమె ఆయన వైపు ఆశ్చర్యంగా చూసింది.

అప్పుడే గార్నెట్ కంచె దాటి వచ్చాడు, చంకలో దుప్పట్లు, చేతిలో బుట్ట. నల్లబడ్డ మొక్కలు చూసి మొహం పాలిపోయింది. "ఈ దుప్పట్లు మిగిలినవి కావా? అయ్యో, వెర్నా, నావల్లే..."

"బుట్టలో ఏంటవి?" అంది వెర్నా.

"మా పెరటివి. నీ దుప్పట్ల కింద భద్రంగా ఉన్నాయి. వసంతంలో కర్రలేసుకుని వచ్చి మరీ నారు ఇచ్చి పోలా? చలి పడ్డా ఊళ్ళో ఇంకెక్కడా ఒక్క మొక్క చావలేదట. వడగళ్ళకని కప్పితే మంచుకి పనికొచ్చింది."

వెర్నా బుట్టలోంచి పండిన కాయ ఒకటి తీసి, తిప్పి చూసి, వాసన చూసింది. అదే రకం. ఆవిడ నారు పంచని ఇల్లు ఊళ్ళో లేదు. ఎవరికి ఇచ్చిందో ఆవిడకే గుర్తు లేదు. మెట్టు మీద కూర్చుని, ముందు నవ్వింది, ఆ తర్వాత కళ్ళు తుడుచుకుంది.

మధ్యాహ్నానికి విషయం ఊరంతా పాకింది. డెల్ఫీన్ రెండు గంపలు తెచ్చింది. మిగతావాళ్ళు ఒకరిని చూసి ఒకరు తెచ్చారు. సాయంత్రానికి వరండాలో నడవడానికి చోటు లేదు. గింజకు కావలసినవి పక్కన పెట్టి, మిగతా గంపలన్నీ చూపిస్తూ వెర్నా భర్తకు ఒక కత్తి ఇచ్చింది. "ఇవన్నీ తొక్క తీసి, ఉడకబెట్టి, సీసాల్లో పోసేదాకా నువ్వు ఆకాశం వైపు చూడకూడదు."

ఆ వారంలో ధ్రువకాంతి మళ్ళీ వచ్చింది. గార్నెట్ గాలివానల గుంపులో మెసేజ్ పెట్టగానే ఊరంతా దీపాలార్పి మైదానానికి చేరింది, వంటింట్లో ఇంకా టమాటాల తొక్క తీస్తున్న ఒరెస్ట్ ఒక్కడు తప్ప.