పదమూడో నంబరు కానుగచెట్టు

లోకంలో చెట్లు రెండే రకాలు: రిజిస్టరులో ఉన్నవి, నేలమీద ఉన్నవి. రెండుచోట్లా ఉండాలనుకోవడం ఏ చెట్టుకైనా అత్యాశే.

1978లో అలిపిరి రోడ్డు పక్కన పట్టణ వృక్ష సంరక్షణ శాఖ (శాఖే గానీ, వేరు ఎక్కడుందో ఎవరికీ తెలియదు) పన్నెండు మొక్కలు నాటింది. మేకలు వాటిని ఏకగ్రీవంగా ఆమోదించాయి. ఇంతలో పైనుంచి తనిఖీ వస్తుందని కబురొచ్చింది. సూపర్‌వైజరు సంపత్కుమార్, కంచె వేయాల్సిన చోట కుంచె వేయించాడు. ఆఫీసు ప్రహరీగోడ మీద పన్నెండు చెట్లు, నంబర్లతో సహా గీసే పని రిటైరైన డ్రాయింగు మాస్టరు యతిరాజులుకు పడింది.

గోడ ముందు నిజం కానుగ ఒకటి ఉంది. మజ్జిగ అమ్మే అక్కమ్మ కుండలు కడిగిన నీళ్లు పోసి పదేళ్లుగా పెంచింది. ఆమె బేరమంతా ఆ నీడలోనే. యతిరాజులు కూడా అక్కడే పీట వేసుకుని, దాన్నే చూస్తూ పన్నెండూ గీశాడు. అన్నీ కవలపిల్లల్లా వచ్చాయి.

రంగు ఆరకముందే సంపత్కుమార్ వచ్చాడు. "ఈ చెట్టు బొమ్మకు అడ్డం వస్తా ఉండాది స్వామీ. కొట్టేయాల."

అక్కమ్మ దిగ్గున లేచింది. "యాడ కొట్టేది సారూ? నేను నీళ్లు పోసి పెంచినాను!"

"రిజిస్టర్లో లేదు గదమ్మా. లేని చెట్టును కొడితే తప్పేముండాది?"

"అయ్యోరా, నువ్వన్నా చెప్పు," అంది ఆమె యతిరాజులుతో.

చెట్టును కాపాడటానికి ఆయనకు తెలిసిన విద్య ఒకటే. ఆఫీసువాళ్లు భోజనానికి పోగానే గోడ చివర పదమూడో చెట్టు గీసి నంబరు వేశాడు. అదే నంబరు నిజం కానుగ మాను మీదా రాశాడు.

"ఇంక భయం లేదక్కమ్మా. గోడ చూసే రిజిస్టరు రాస్తారు. రిజిస్టర్లో ఎక్కిన చెట్టును ఎవరు ముట్టుకుంటారు?"

మరునాడు చిత్తూరు నుంచి అధికారి జీపులో వచ్చాడు. గోడ చూసి, "అన్నీ ఏపుగా ఉండాయే!" అని మెచ్చుకున్నాడు. పదమూడూ రిజిస్టరులో ఎక్కాయి. యతిరాజులు గుండె కుదుటపడింది. అంతలో అధికారి చూపు మాను మీద పడింది.

"ఒకే నంబరు రెండు చెట్లకా?"

నియమావళి తొమ్మిది (ఆ) ప్రకారం నంబరుకు ఒకే చెట్టు. (రెండోది నకలు. నకళ్లను తొలగించవలెను.)

"గోడమీదిది నకలు సార్! ఇది అసలు!" అన్నాడు యతిరాజులు, మానుకు అడ్డంగా నిలబడి.

అధికారి రెండింటినీ ఓపికగా పరిశీలించాడు. ఒకటి ఆకులు రాలుస్తోంది, నీళ్లు అడుగుతోంది, గాలికి అనుమతి లేకుండా ఊగుతోంది. రెండోది నిలకడగా ఉంది.

"అన్నీ తెలిసిన అయ్యవారు, మీరే అట్లంటే ఎట్లప్పా?" అన్నాడు.

సాయంత్రానికి కానుగ నేలకొరిగింది. నంబరు రాసిన చేతిని యతిరాజులు గుడ్డతో తుడుచుకుంటూనే ఉన్నాడు.

అక్కమ్మ నీడ కావాలని అర్జీ పెట్టుకుంది. శాఖ కనికరించింది. పదమూడో చెట్టు కింద, సిమెంటు బాట మీద, బూడిదరంగుతో అయిదడుగుల నీడ గీయమని యతిరాజులుకు ఆర్డరు వచ్చింది. ఆయన చాలాసేపు కుంచె తడపలేదు. చివరికి, ఆరడుగులు గీశాడు.

అక్కమ్మ కుండ దించి ఆ నీడలో కూర్చుంది. "ఏం నీడ గీసినావు అయ్యోరా, కింద కాలతా ఉండాది!"

వారం తిరక్కుండా, ప్రభుత్వ నీడను అనుమతి లేకుండా వాడుకుంటున్నందుకు ఆమెకు నోటీసు వచ్చింది.