పీట గోడకా, నడుమకా

శనివారం పొద్దున సుధాకరరావు అనుకున్న పని చిన్నదే. వచ్చే వారం ఆదివారం రామారావు ఇంట్లో సత్యనారాయణ వ్రతం. పిలుపు కాగితాలు ముప్పై అచ్చుతీసి, లిటిల్ ఇండియాలో సరుకుల కొట్టు దగ్గర మనవాళ్లకు పంచాలి. తెనాలి సుధాకరరావు, కరీంనగర్ రామారావు ఈ పరాయి దేశంలో, బుకిట్ పంజాంగ్‌లో ఇరవై రెండేళ్లుగా ఎదురు బ్లాకుల స్నేహితులు. వ్రతం రామారావుది, కథ చదివే గొంతు సుధాకరరావుది. ఈ ఏడు వ్రతం రామారావు భార్య భానుమతి కోసం. నాలుగు నెలలుగా ఆమె ఆసుపత్రిలో ఉంది. కథ సుధాకరన్న నోటే వినాలని కబురు పెట్టింది.

ఒకవైపు ఖాళీ ఉన్న కాగితం పారేయడం సుధాకరరావుకు మహాపాపం. క్లెమెంటిలో గది తీసుకుని పరిశోధన చేస్తున్న కూతురు అరుంధతి వదిలిపోయిన కట్ట కనబడితే, ఖాళీ వైపు పిలుపు కొట్టేశాడు. రెండోవైపు ఏముందో చూడలేదు.

అక్కడుంది అరుంధతి చదువు. ఎప్పుడో ఇంగ్లండులో రాజుకూ పార్లమెంటుకూ అంతర్యుద్ధం జరిగినప్పుడు జనం ఒకరిమీద ఒకరు వేసుకున్న కరపత్రాలవి. చర్చిలో దేవుడి బల్ల గోడకు ఆనాలా, నడుమ ఉండాలా అని తలలు పగలగొట్టుకున్న మనుషులు. ఏదో తెలుగు సభలో పంచుదామని ఒక పుట తెలుగు చేసి, అందరికీ తెలియాలని బల్లను పీట చేసింది. సభ రద్దయింది, కట్ట మిగిలింది. "దేవుడి పీటను గోడకు నెట్టినవాడు భక్తుడు కాడు, పెత్తనం కోసం భక్తుడి వేషం కట్టిన దొంగ" అని మొదలవుతుంది ఆ పుట. ఇంగ్లండు పేరు ఎక్కడా లేదు.

ముందురోజు శుక్రవారమే రామారావు ఫోన్ చేసి, ఏటా హాలు నడుమ వేసే వ్రతం పీట ఈసారి గోడకే వేస్తానన్నాడు. ఎందుకో చెప్పలేదు. పంచిన పిలుపును వెనక్కి తిప్పి చదివినవాళ్లకు ఆ దొంగ రామారావే అయ్యాడు.

మంగళవారానికి రామారావు జవాబు కరపత్రం దిగింది, నా ఇంట తిన్న నోరే నన్ను దొంగ అందని. బుధవారానికి జవాబుకు జవాబు. రాసినవాడు హరికృష్ణ అనే బ్యాంకు ఉద్యోగి, జన్మలో ఒక కొబ్బరికాయ కొట్టి ఎరగడు. గోడవాళ్లు, నడుమవాళ్లు అని రెండు పక్షాలు లేచాయి. ఎవడో బుద్ధిలేనివాడు పీట మీదికి రెండు రాష్ట్రాల గొడవ కూడా ఎక్కించాడు. తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో, చోటు పట్టడానికి అందరూ పెట్టే టిష్యూ పొట్లాల బదులు కరపత్రాలు పెట్టి బల్లలు చోప్ చేసుకున్నారు, గోడపక్కవి వాళ్లు, నడుమవి వీళ్లు. రామారావు గడప తొక్కనని సుధాకరరావు ఒట్టు పెట్టుకున్నాడు.

వ్రతం ముందురోజు అరుంధతి వచ్చి కాగితం రెండువైపులా చూసి కూలబడింది.

"నాన్నా, ఇది నా కాగితం. ఇందులోవాళ్లు చచ్చి మూడొందల ఏళ్లు దాటింది."

"మరి వాడు నన్ను తిట్టాడుగా?"

"మొదలెట్టింది నువ్వే."

రామారావు ఫోన్ ఎత్తలేదు. అరుంధతి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో నిజం రాసింది. తండ్రీకూతుళ్లు ఇంగ్లండు చాటున దాక్కుంటున్నారని రెండు పక్షాలూ ఒక్కమాట మీదికొచ్చాయి. ఆ వారంలో అవి కలిసింది అక్కడొక్కచోటే.

ఆదివారం సుధాకరరావు ఒట్టు తీసి గట్టున పెట్టి వెళ్లాడు. ముప్పై ఇళ్లలో ఒక్కరూ రాలేదు. తలుపు తీసే ఉంది. హాలు నడుమ ఆసుపత్రి మంచం, దానిమీద భానుమతి. చుట్టూ మనిషి తిరిగే చోటు లేదు. పీట ఆమె కళ్లకెదురుగా, గోడకు.

"ఇగ ఇంటికి తీస్కపొమ్మన్నరు," అన్నాడు రామారావు, అటెటో చూస్తూ. "ఫోన్ల చెప్పనీకి నోరు రాలె."

భానుమతి నవ్వింది. "రా అన్నా. మీ లొల్లికి నేనే అడ్డం. నన్ను గోడకు నూకితే అయిపోతుండె గద."

సుధాకరరావు అయిదు అధ్యాయాలూ చదివాడు. మూడోది అయ్యాక రామారావు నీళ్లందించాడు.

పదకొండో రోజున ఆమె పోయింది. మంచం తిరిగి ఇచ్చేశారు. రామారావు పీటను గోడ దగ్గర్నుంచి లాక్కొచ్చి హాలు నడుమ వేసి, దానిమీద ఆమె ఫొటో పెట్టాడు.

"చూడు, ఇప్పుడు జాగ ఉంది," అన్నాడు.

సుధాకరరావు ఆ పీట పక్కనే నేలమీద కూర్చుండిపోయాడు.

సంతాప పత్రాలు రెండు పక్షాలూ విడివిడిగా అచ్చేశాయి. అందుకున్న ప్రతివాడూ మొదట కాగితాన్ని వెనక్కి తిప్పి చూశాడు.