సంరక్షకుడి గడి

మసాకా పట్నం, కబాసెకా పేట వాసులకు తెలియజేయునది ఏమనగా: వికలాంగ యువత స్వతంత్ర జీవన దినోత్సవం మన పేటలో దిగ్విజయంగా ముగిసింది. పేట పాలకమండలి సమాచార కార్యదర్శిగా నేను రాయవలసింది ఇంతే. మిగతాది రాయమని నాకెవరూ చెప్పలేదు, చెయ్యి ఊరుకోక రాస్తున్నాను.

ముందు మా ర్యాంపు సంగతి. చక్రాల బళ్ళవాళ్ళు కూడా ఆఫీసు గుమ్మం దాకా దర్జాగా రావాలన్న సదుద్దేశంతో చైర్మన్ సలోంగో ముత్యాబా గారు మెట్ల పక్కన సిమెంటు ర్యాంపు కట్టించారు. సలోంగో అంటే కవలల తండ్రి. మా దగ్గర అది పేరు కాదు, పదవి. అంత చక్కటి ర్యాంపును జనం తొక్కి పాడుచేస్తారని ఆయన దానికి ఇనుప గేటు పెట్టించి తాళం వేయించారు. రాజధాని కంపాలా నుంచి పెద్దలొచ్చిన రోజున తీస్తాం, కడుగుతాం, ఫోటోలయ్యాక మళ్ళీ వేస్తాం. తాళంచెవి కావలసినవారు మెట్లెక్కి లోపలికొచ్చి, రిజిస్టరులో సంతకం చేసి తీసుకోవచ్చు. ఇంతవరకూ చక్రాల బండివాళ్ళెవరూ వచ్చి తీసుకోలేదు కనుక ర్యాంపుకు గిరాకీ లేదని రికార్డులో రాసుకున్నాం.

ఇక ఆ రోజు వేదికెక్కిన ఇద్దరి సంగతి. ముకీబి కాళ్ళు చిన్నప్పుడే పోలియో పాలయ్యాయి. చేత్తో తిప్పే మూడు చక్రాల బండి మీద తిరుగుతాడు, మార్కెట్ మూల చెప్పులు కుడతాడు. ఊళ్ళోవాళ్ళు ఎంత నడిస్తే అతనికి అంత లాభం. కగ్వాకు పుట్టుకతోనే మోచేతుల కింద చేతులు లేవు. నోరు మాత్రం ముగ్గురికి సరిపడా ఉంది. టాక్సీల అడ్డాలో "కంపాలా! కంపాలా!" అని అరిచి బళ్ళు నింపుతాడు. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకే తప్పుకు ఒకేసారి తన్నులు తిన్న నాటినుంచి ఇద్దరికీ ప్రాణస్నేహం. రోజుకు రెండుసార్లయినా పోట్లాడుకోకపోతే ఇద్దరికీ తిన్నది అరగదు.

ఇరవై మూడేళ్ళు నిండాయి కదా, ఇక కలిసి ఒక గది తీసుకుని మా బతుకు మేం బతుకుతామన్నారు. మార్కెట్ వెనక మెట్టు లేని గది దొరికింది. అలాంటివి పేటలో రెండే ఉన్నాయి, రెండోదాంట్లో కోళ్ళుంటాయి. "చైర్మన్ గారి ఉత్తరం తెండి. శుక్రవారం పొద్దుగూకేదాకా ఆపుతా, తర్వాత ఇంకోళ్ళకిచ్చేస్తా" అన్నాడు ఇల్లుగలాయన. చైర్మన్ ముద్ర పడిన ఉత్తరం లేనిదే మా దగ్గర గది దొరకదు, పెళ్ళి జరగదు, శవం లేవదు.

వాళ్ళు ఆఫీసుకొచ్చారు. కగ్వా మెట్లెక్కాడు. ముకీబి కింద బండిలోంచి కేకలేస్తూ చర్చలో పాల్గొన్నాడు. చైర్మన్ గారు ఒక ఫారం ఇచ్చారు: "స్వతంత్రంగా జీవించగోరు వికలాంగుల దరఖాస్తు". అడుగున ఒక గడి: సంరక్షకుడి సంతకం. సంరక్షకుడు బంధువై తీరవలెను.

"స్వతంత్రంగా ఉంటామంటే మళ్ళీ సంరక్షకుడేంటి సలోంగో గారూ?" అన్నాడు కగ్వా.

"మీరు ఎవరి మీదా ఆధారపడరని ఎవరో ఒకరు పూచీ పడాలి కదా నాయనా."

"మీ పెద్దబ్బాయి గది తీసుకున్నప్పుడు ఎవరు పడ్డారండీ పూచీ?" కిందనుంచి ముకీబి గొంతు.

"వాడికేం, వాడు బాగున్నాడు."

"బాగుంటే రోజూ నా గిన్నెలో చెయ్యెందుకు పెడతాడండీ? అరటికాయ ఉడకెయ్యడం కూడా రాదు వాడికి!"

చైర్మన్ గారు హుందాగా కిటికీ మూయించారు. మూసింది నేనే.

ముకీబి మేనత్త దగ్గర ఉంటున్నాడు. ఆమె సంతకం పెట్టనంది. "బంబి! నీకు నీళ్ళెవరు పెడతార్రా?" అని గుండెలు బాదుకుంది. బంబి అంటే పాపం అని. ఈ ఇద్దరినీ చూస్తే మా పేటలో నాలుగేళ్ళ పిల్ల నుంచి మేకలు తోలే ముసలాయన దాకా అందరి నోటా అదే మాట. ఇంతకూ ఆ ఇంటికి నీళ్ళు తెచ్చేది ముకీబి. బండి వెనక మూడు డబ్బాలు కట్టుకుని పొద్దున్నే బోరింగు దగ్గరికెళ్ళేది అతనే. కగ్వా అన్న కూడా "బంబి, వీడు మేం లేకుండా ఒక్కపూట ఉండలేడు" అన్నాడు. ఆయన పిల్లలు నలుగుర్నీ బడికి ఈడ్చుకెళ్ళేది, తెచ్చేది కగ్వా. ఒక్కపూట ఉండలేనిది ఎవరో రాయడం నా పరిధిలో లేదు.

శుక్రవారం వచ్చింది. దినోత్సవం కూడా అదే రోజు. గేటు తీశాం, ర్యాంపు కడిగాం, ఆఫీసు అరుగునే వేదిక చేశాం. కంపాలా పెద్దలు ముందు వరసలో కూర్చున్నారు. వాళ్ళకందేలా వేదిక అంచున ఉడికించి ఎండబెట్టిన కాఫీ కాయల బుట్ట పెట్టాం, అతిథులకు నమలడానికి. స్ఫూర్తి ప్రదాతలుగా ముకీబిని, కగ్వాను వేదిక ఎక్కించాం. ముకీబి ఆ ర్యాంపు మీద బండి నడపడం అదే మొదలు. బాగుందన్నాడు.

చైర్మన్ గారు గొంతు సవరించుకున్నారు.

"సోదరులారా! ఇతనికి కాళ్ళు లేవు, అతనికి చేతులు లేవు. ఇద్దరూ కలిస్తే ఒక సంపూర్ణ మానవుడు! స్నేహమంటే ఇదీ! మన తాతల కాలంలో స్నేహితులు ఒకే కాఫీ కాయలోని రెండు గింజలు చెరొకటి తినేవారు. దాన్నే ఒముకాగో అన్నారు. ఆ గింజ మింగాక వాళ్ళు రక్తబంధువులకన్నా దగ్గరి బంధువులు! అది కాదన్నవాడు మన జాతికే ద్రోహి! ఏదీ, ఈనాటి కుర్రాళ్ళకు ఆ ఆచారం తెలుసా?"

"తెలుసండీ!" అని కగ్వా లేచాడు.

బుట్ట మీదికి వంగి పళ్ళతో ఒక కాయ అందుకుని పటుక్కున కొరికి, గింజలు రెండూ ముకీబి అరచేతిలో ఉమ్మాడు. "ఛీ, తడి చేశావు కదరా!" అన్నాడు ముకీబి. "మింగరా, గది పోతుంది!" అన్నాడు కగ్వా. ఒకటి తను నమిలి, రెండోది వాడి నోట్లో వేశాడు ముకీబి.

"సలోంగో గారూ, మేమిప్పుడు బంధువులం. తమరే సెలవిచ్చారు. ఏదీ ఆ ఫారం?"

కంపాలా పెద్దలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. చైర్మన్ గారు ఫారాలు తెప్పించారు. తన నోటితో అన్న మాట, అందులోనూ మైకులో. ముకీబి కగ్వాకు సంరక్షకుడిగా సంతకం చేశాడు. రెండు మోచేతుల మధ్య కలం ఇరికించుకుని కగ్వా ముకీబికి చేశాడు. నా సంతకం కన్నా అదే బాగుంది.

చైర్మన్ గారు చిరునవ్వు పులుముకుని ఒకే ఒక్క ఉత్తరం రాసి ముద్ర కొట్టారు. అందులో "పై సంపూర్ణ మానవునికి గది ఇవ్వవచ్చును" అని ఉంది. వేదిక మీద వాళ్ళిద్దరికీ కలిపి కుర్చీ ఒకటే, అరటికాయ ముద్ద పళ్ళెం ఒకటే. ఆ కుర్చీల, పళ్ళేల జాబితా తయారుచేసింది కూడా నేనే, దాచను.

కగ్వా ఉత్తరం చదివాడు. వాడికి నిజంగానే ఒళ్ళు మండింది. అడ్డాలో అరిచే గొంతుతో అడిగాడు:

"అయ్యా, తమరికి కవలలు పుట్టినప్పుడు ఇద్దర్నీ కలిపి ఒకడని లెక్కేశారా? అలాగైతే తమరు సలోంగో ఎలా అయ్యారండీ?"

ముందు నవ్వింది చైర్మన్ గారి భార్యే. తర్వాత పేటంతా. రెండో ఉత్తరం వచ్చింది. రెండో పళ్ళెం కూడా. పొద్దుగూకకముందే తాళంచెవి చేతికొచ్చింది. గదిదండీ, ర్యాంపుది కాదు. దానికి ఆ సాయంత్రమే మళ్ళీ తాళం వేశాం.

రెండు వారాలయ్యాక మేనత్త ఆఫీసుకొచ్చింది. నీళ్ళు మోసి నడుం పట్టేసిందట, సాయానికి మనిషి కావాలట. మా దగ్గరున్నది ఒకటే ఫారం, అదే ఇచ్చాను. సంరక్షకుడి గడిలో ఆమె చాలాసేపు ఆలోచించి ముకీబి పేరు రాయించింది. ఫారం పట్టుకుని మార్కెట్ మూలకు నేనే వెళ్ళాను. ముకీబి చదివి, కుడుతున్న చెప్పు పక్కన పెట్టి, సంతకం చేసి, "బంబి" అన్నాడు. ఆ సాయంత్రం బండికి మళ్ళీ మూడు డబ్బాలు కట్టుకున్నాడు. ఈసారి అడిగించుకుని వెళ్ళాడు.

పాఠక మహాశయులకు విన్నపం: ఈ ప్రకటన మొదట్లో మీరు కూడా ఒకసారి "పాపం" అనుకునే ఉంటారు. మీ పేరిట ఒక ఫారం తీసి ఉంచాను. సంరక్షకుడి గడి నింపించుకుని రండి. కాళ్ళు బాగున్నవారికి మెట్లు ఎప్పుడూ తెరిచే ఉంటాయి.