ఖాళీ స్తంభం

ఉదయం ఆరున్నరకల్లా ఉజ్వల పులిహోర డబ్బాల్లో సర్దేసి, బూట్లు తొడుక్కుని సోఫాలో కూర్చుంది. బస్సు ఎనిమిదిన్నరకి. కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో కాపురం పెట్టిన ఆరేళ్ళలో కూతురు సాన్వి స్కూలువాళ్ళు పిల్లలకు తోడు రమ్మన్నప్పుడల్లా ఏదో ఒక తలనొప్పి తెచ్చిపెట్టుకుని తప్పించుకుందామె. ఇంటర్ మధ్యలో ఆగిన చదువు, టీచర్ల ఎదుట నోరు పెగలని ఇంగ్లీషు. ఈసారి సాన్వే అడిగింది. "అందరి మమ్మీలూ వచ్చారు. నువ్వే రాలేదు." ఇవాళ తేడా వచ్చిందంటే పిల్ల మళ్ళీ అడగదు.

వెళ్ళేది ఊరి బయట ఒక తోటకి. బీజింగ్‌లో చక్రవర్తులు పంటలు పండాలని మొక్కుకున్న పాతకాలపు స్వర్గాలయానికి అందులో అచ్చుగుద్దినట్టు నకలు కట్టారు. ఉజ్వల వారం రోజులుగా దాని వీడియోలే చూస్తోంది.

"గుడి గుండ్రంగా ఎందుకుందో తెలుసాండీ? ఆకాశం గుండ్రమని. ప్రహరీ గోడ చదరంగా ఎందుకంటే భూమి నలుపలకలని. మధ్యలో నాలుగు స్తంభాలు ఋతువులు, చుట్టూ పన్నెండు నెలలు, ఆ బయట చైనావాళ్ళ రోజుకుండే పన్నెండు జాములు. అన్నీ కలిపితే నక్షత్రాలట! క్లాసులో పిల్లలూ ఇరవై ఏడుగురే, నక్షత్రాలూ ఇరవై ఏడే. భలే కుదిరింది కదూ?"

"వీసా ఇంటర్వ్యూకి కూడా నువ్వింత చదవలేదు," అన్నాడు భర్త ఫణికుమార్, కాఫీలోంచి తలెత్తకుండా.

బస్సు దిగేముందు సాన్వి అమ్మ చెయ్యి పట్టుకుని గుసగుసగా చెప్పింది. "అమ్మా, గట్టిగా అరవొద్దు. ఓకే?"

"నేనెందుకు అరుస్తానే?"

తోడు రావలసిన రెండో తల్లి రేష్మకు జ్వరం. టీచరు కరోలిన్ అందరినీ బాత్రూముల దగ్గర ఆపి, మళ్ళీ వరస కట్టించి గుడి మెట్ల దాకా తెచ్చింది. "భోజనాల బల్లల సంగతి మాట్లాడొస్తాను. ఐదు నిమిషాలు చూస్తారా?" అని వెళ్ళిపోయింది.

లోపలికి అడుగుపెట్టగానే ఉజ్వలకు ఒళ్ళు పులకరించింది. ఎర్రటి స్తంభాలు, వాటి మీద బంగారు తీగలు, పైన గుండ్రంగా తిరుగుతూ పోయిన కప్పు. పసుపు టీషర్టుల పిల్లలు మాత్రం తేనెతుట్టె కదిపినట్టు చెదిరిపోతున్నారు. వాళ్ళను నిలబెట్టి లెక్కపెట్టడం ఎవరి తరం? అప్పుడే ఆమెకు అద్భుతమైన ఉపాయం తట్టింది.

"ఒన్ పిల్లర్, ఒన్ చైల్డ్! హగ్!"

పిల్లలకు అంతకంటే ఏం కావాలి? క్షణంలో తలా ఒక స్తంభాన్ని కావలించుకున్నారు. ఉజ్వల మురిసిపోతూ చుట్టూ తిరిగింది. తలుపు పక్కనున్న స్తంభం దగ్గర ఎవరూ లేరు.

ఆమె ఆ స్తంభం చుట్టూ రెండుసార్లు తిరిగింది. "ఎవరు లేరు? హూ ఈజ్ నాట్ హియర్?"

"ఈషాన్!" అన్నారెవరో.

"నేనిక్కడే ఉన్నా!" అని వెనకనుంచి ఈషాన్ అరిచాడు.

తప్పిపోయినవాళ్ళను వెతకడానికి నలుగురు పిల్లలు స్తంభాలు వదిలి పరిగెత్తారు. ఉజ్వల మళ్ళీ చూసేసరికి ఐదు స్తంభాలు ఖాళీ. "అయ్యో, ఐదుగురు పోయారు!" అని గుడి దద్దరిల్లేలా అరిచింది. సాన్వి స్తంభానికి ఆనుకుని ముఖం దాచుకుంది.

గార్డు పరిగెత్తుకొచ్చాడు. "ఫైవ్ చిల్డ్రన్! ఎల్లో షర్ట్!" అనేసరికి రేడియోలో ఏదో చెప్పాడు. రెండు నిమిషాల్లో తోట గేట్లు మూతపడ్డాయి. పెళ్ళి ఫొటోలు తీయించుకుంటున్న జంటను బయటికి పోనివ్వలేదు. పార్కింగులో కదలబోతున్న బస్సునూ ఆపేశారు. ఇద్దరు తోటమాలులు వలలు పట్టుకుని తామరకొలను వైపు వెళ్ళడం చూసి ఉజ్వల మెట్ల మీద కూలబడింది.

"ఏమ్మా, మన తెలుగువాళ్ళేనా? ఏమైంది?" అంటూ ఒక పెద్దాయన వచ్చాడు. కూతురి దగ్గరికి ఒంగోలునుంచి వచ్చిన అనంతరామయ్య.

"పిల్లలు ఇరవై ఏడుగురండీ. స్తంభాలు ఇరవై ఏడు. వెతకబోయిన నలుగురూ తిరిగొచ్చినా ఇంకా ఒకటి ఖాళీగానే ఉంది బాబాయ్‌గారూ!"

"స్తంభాలు ఇరవై ఏడని ఎవరన్నారు?"

"నక్షత్రాలు కదండీ!"

"నాలుగూ, పన్నెండూ, పన్నెండూ కూడు తల్లీ."

ఉజ్వల వేళ్ళు మడిచింది. విప్పింది. మళ్ళీ మడిచింది.

"చైనావాళ్ళకి నక్షత్రాలు ఇరవై ఎనిమిది. అభిజిత్తును కలుపుకుంటే మనకీ అంతే. నీ పిల్లలెవరూ ఎక్కడికీ పోలేదు, లే."

ఉజ్వల మూసిన గేట్ల వైపు చూసింది. గేట్లు, పెళ్ళిజంట, కొలను, అన్నీ తన నెత్తినే. పక్కకొచ్చి నిలబడిన సాన్వి "ఇట్స్ ఓకే మమ్మీ" అంది, అస్సలు ఓకే కాని గొంతుతో.

అప్పటికి రొప్పుతూ వచ్చిన కరోలిన్ సంగతి విని, పాపం, నవ్వేసింది. తలలు లెక్కపెట్టింది. సరిగ్గా ఇరవై ఏడు. గేట్లు తెరవమని గార్డు రేడియో ఎత్తాడు. ఎందుకైనా మంచిదని ఆమె పేర్లు చదవసాగింది.

"మైత్రి?"

ఎవరూ పలకలేదు.

"మైత్రి!"

స్తంభం చాటునుంచి పసుపు టీషర్టుతో ఒక పిల్ల తొంగిచూసింది. ఆ పిల్లను ఎవరూ ఎప్పుడూ చూసి ఎరగరు.

"నువ్వెవరమ్మా?"

"నాది వేరే స్కూల్. ఈ ఆంటీ హగ్ చెయ్యమంటే చేశాను."

కరోలిన్ నవ్వు ఆగిపోయింది. బాత్రూముల దగ్గర రెండు స్కూళ్ళ పసుపు టీషర్టులూ కలిసిపోయాయి! "వెయిట్! నో గేట్!" అని ఉజ్వల గార్డు చెయ్యి పట్టుకుని ఆపి, పార్కింగు వైపు పరిగెత్తింది. ఆపేసిన బస్సు ఆ పిల్ల స్కూలుదే, శాక్రమెంటోది. అందులో కిటికీ పక్కన మైత్రి హాయిగా కూర్చుని, ఎవరిదో రెండో శాండ్‌విచ్ తింటోంది. గేట్లు మూయకపోయి ఉంటే ఈపాటికి హైవే ఎక్కేసేది.

"ఇన్నేళ్ళలో ఇంత జాగ్రత్తగల తల్లిని చూడలేదు," అని కరోలిన్ ఉజ్వలను కావలించుకుంది. స్తంభాల లెక్క మళ్ళీ ఎత్తవద్దని అనంతరామయ్య ఉజ్వలకు కళ్ళతోనే సైగ చేశాడు.

తిరుగు బస్సులో సాన్వి వచ్చే నెల ఆక్వేరియం ట్రిప్పు కాగితం అడిగి తీసుకుని, తోడు వచ్చేవారి వరసలో అమ్మ పేరు పెద్ద అక్షరాలతో రాసింది. కరోలిన్ చిరునవ్వుతో దాని మీద సంతకం పెట్టింది; ఆ ట్రిప్పు రోజుకు తన సెలవుచీటీ కూడా ఆ సాయంత్రమే పంపేసింది.